కట్టుడు పళ్ళ నుంచి నాటిన పళ్ళ దాకా

పళ్ళన్నీ పాడైన దవడలో టైటానియం మరలు బిగించి, వాటిమీద ఒక వరుస పళ్ళను కదలకుండా అమర్చే చికిత్స 1965లో స్వీడన్‌లో మొదలైంది. ఇటు రాయలసీమలోని రామసముద్రం, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో పళ్ళు పోయినవాళ్ళు తరతరాలుగా బోసినోటితోనో, కట్టుడు పళ్ళతోనో సర్దుకుంటూ వచ్చారు.

ఈ సీమలో పందుంపుల్ల అంటే వేప, కానుగ. పిప్పిపన్ను సలిపితే లవంగం అదిమిపెట్టేవారు, ఓర్చుకోలేకపోతే పీకించుకునేవారు. కదిలే పన్నును తీసే పద్ధతిని సుశ్రుత సంహితే చెప్పింది. నమలకుండా మింగే రాగిసంగటి ఇక్కడి ప్రధాన ఆహారం కావడం ముసలివాళ్ళకు కొంత ఆసరా అయింది. అయితే ఇదే నేలలో పండే చెనక్కాయలు మాత్రం పళ్ళతో పాటే వాళ్ళకు దూరమయ్యేవి.

క్షయరోగుల కోసం మదనపల్లె పక్కన ఆరోగ్యవరం శానిటోరియం 1915లోనే తెరుచుకుంది. పళ్ళ వైద్యానికి అంత త్వరగా ఆదరణ దక్కలేదు. రఫీయుద్దీన్ అహ్మద్ 1920లో కలకత్తాలో మొదటి డెంటల్ కాలేజీ పెట్టారు. డెంటిస్టుల చట్టం 1948లో వచ్చింది. హైదరాబాదులో ప్రభుత్వ డెంటల్ కాలేజీ 1959లో ఏర్పడింది. నోటిని శరీరంలో భాగంగా చూడని ఈ ఆలస్యానికి పల్లెలు ఎన్నో పళ్ళు పోగొట్టుకున్నాయి.

కట్టుడు పళ్ళు పందొమ్మిదో శతాబ్దపు మధ్యలో గట్టిపరచిన రబ్బరుతో చవకయ్యాయి. 1930ల చివర రబ్బరు స్థానంలోకి అక్రిలిక్ వచ్చింది. అయితే ఏ పదార్థంతో చేసినా అవి చిగురు మీద ఆనుకునేవే. పన్ను పోయిన చోట ఎముకకు పని ఉండదు కాబట్టి అది ఏటేటా కరుగుతుంది. కట్టుడు పళ్ళు పెట్టుకున్నవారిని పాతికేళ్ళు గమనించి 1972లో టాల్‌గ్రెన్ ప్రచురించిన పరిశోధనలో, పై దవడ కంటే కింది దవడ దాదాపు నాలుగు రెట్లు ఎక్కువగా అరిగినట్టు తేలింది. కింది సెట్టు తరచూ వదులవడానికి ఇదొక ముఖ్య కారణం.

దీనికి జవాబు అనుకోకుండా దొరికింది. 1952లో స్వీడన్ పరిశోధకుడు పెర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్ కుందేలు ఎముకలో రక్తప్రసరణను పరిశీలించడానికి టైటానియం గొట్టం అమర్చాడు. పని అయ్యాక తీయబోతే అది ఎముకతో ఏకమైపోయి ఊడి రాలేదు. పుట్టుకతోనే దవడ లోపమున్న యోస్టా లార్సన్ కింది దవడలో 1965లో బ్రోనెమార్క్ నాలుగు మరలు నాటాడు. 2006లో చనిపోయేదాకా లార్సన్ వాటితోనే తిన్నాడు. అయినా దంతవైద్యులు చాలాకాలం నమ్మలేదు. 1982 టొరంటో సదస్సు తరువాతే ఈ పద్ధతికి ప్రపంచమంతా గుర్తింపు వచ్చింది.

మొదట్లో మరలు నాటాక ఎముక పట్టుకోవడానికి నెలల తరబడి ఆగవలసి వచ్చేది. పోర్చుగల్ వైద్యుడు పాలో మాలో ముందు రెండు మరలను నిటారుగా, వెనక రెండింటిని ఏటవాలుగా నాటి, అదే రోజు తాత్కాలిక పళ్ళ వరుస బిగించే పద్ధతిని రూపొందించాడు. దాని ఫలితాలను 2003లో ప్రచురించాడు. వెనకభాగంలో ఎముక తక్కువున్నా చాలామందికి ఎముక అతికించే శస్త్రచికిత్స తప్పింది.

ఖర్చు లక్షల్లో ఉండటంతో రైతుకూలీ కుటుంబాలకు ఈ చికిత్స ఇంకా అందనంత దూరంలోనే ఉంది. అదుపులో లేని మధుమేహం, పొగతాగే అలవాటు మర అతుక్కోవడానికి అడ్డు. పళ్ళ వరుస కింద రోజూ శుభ్రం చేయకపోతే చిగురు వాచి, ఎముక కరిగి, మర వదులవుతుంది. పళ్ళు నాటించుకున్నవారు డాక్టరుకు క్రమం తప్పకుండా చూపించుకోవాలి.