ఐపీఎల్ సీజన్: అందాజా ఎంతవరకు వేయొచ్చు, ఎక్కడ ఆగాలి?

తిరుమలగిరి (సూర్యాపేట జిల్లా): ఎండాకాలం వస్తే ఈ ప్రాంతంలో రెండు పనులు ఇంచుమించు ఒకేసారి నడుస్తాయి. ఒకటి యాసంగి వడ్లు కోసి అమ్ముకోవడం. రెండోది ఐపీఎల్. వడ్ల పైసలు ఖాతాలో పడే రోజులు, ఫోన్లలో "ఈసారి కప్పు పక్కా వీళ్లదే" అని మెసేజ్‌లు తిరిగే రోజులు ఒక్కటే. ఎవరు గెలుస్తారని ఇంట్లో నలుగురు కూర్చొని మాట్లాడుకుంటే తప్పేం లేదు, అదొక సరదా. కానీ ఆ అందాజా మీద పిల్లల ఫీజు పైసలు, ఎరువుల పైసలు పెట్టేదాకా పోతేనే కష్టం. అసలు ఒక సీజన్ ఫలితాన్ని ముందే చెప్పడం ఎంతవరకు సాధ్యమో లెక్కతో చూద్దాం.

హైదరాబాద్ టీమ్ చరిత్రే పెద్ద పాఠం

2008లో మొదటి ఐపీఎల్. డెక్కన్ చార్జర్స్‌లో గిల్‌క్రిస్ట్, లక్ష్మణ్, అఫ్రిది, గిబ్స్ ఉన్నారు. కాగితం మీద చూస్తే కప్పు మనదే అనిపించే టీమ్. 14 మ్యాచ్‌ల్లో గెలిచింది రెండే. ఎనిమిది జట్లలో చివరి స్థానం. ఆ ఏడాది కప్పు కొట్టిన రాజస్థాన్ రాయల్స్, ఫ్రాంచైజీల వేలంలో అన్నింటికంటే తక్కువ ధరకు అమ్ముడైన జట్టు.

మరుసటి ఏడాది 2009లో టోర్నీ దక్షిణాఫ్రికాకు పోయింది. అదే డెక్కన్ చార్జర్స్ గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో ఫైనల్లో బెంగళూరును 6 పరుగుల తేడాతో ఓడించి కప్పు తెచ్చింది. ఒక్క ఏడాదిలో అడుగు నుంచి శిఖరానికి.

2013 నుంచి మన టీమ్ సన్‌రైజర్స్ హైదరాబాద్. 2016లో లీగ్ దశలో మూడో స్థానంలో ఉండి, వరుసగా మూడు నాకౌట్ మ్యాచ్‌లు గెలిచి కప్పు ఎత్తింది. 2023లో పదింటిలో పదో స్థానం. 2024లో కమిన్స్ కెప్టెన్సీలో ఉప్పల్‌లో ముంబై మీద 277, బెంగళూరులో ఆర్‌సీబీ మీద 287 కొట్టి ఫైనల్‌కు పోయింది. ఆ ఫైనల్లోనే 113కు ఆలౌటై కోల్‌కతా చేతిలో ఓడింది.

2025 మొదటి మ్యాచ్‌లో రాజస్థాన్ మీద 286 కొట్టగానే, ఈ టీమ్ 300 దాటుతుందని అందరూ అన్నారు. ఆ తర్వాత వరుసగా నాలుగు ఓటములు. చివరికి ఆరు విజయాలతో ఆరో స్థానం. ఉప్పల్‌లో సన్‌రైజర్స్‌ను కూల్చినవాళ్లలో ఒకరు మన హైదరాబాద్ పిల్లాడు సిరాజ్. గుజరాత్ తరఫున 17 పరుగులకు 4 వికెట్లు తీశాడు.

అందాజా ఎందుకు తప్పుతుంది?

మొదటి కారణం, ఈ లీగ్‌ను కట్టిందే అట్లా. ప్రతి జట్టుకూ ఖర్చు పరిమితి ఒక్కటే. 2025 సీజన్‌కు అది 120 కోట్లు. ఎవరి దగ్గర ఎక్కువ పైసలుంటే వాళ్లు మంచి ఆటగాళ్లందరినీ కొనుక్కుపోయే వీలు లేదు. మూడేళ్లకోసారి పెద్ద వేలంలో జట్లు దాదాపు కొత్తగా తయారవుతాయి. 2024 నవంబర్‌లో జెద్దాలో జరిగిన వేలంలో రిషభ్ పంత్‌ను లక్నో 27 కోట్లకు కొన్నది. ఐపీఎల్‌లో అప్పటికి అదే రికార్డు ధర. ఆ సీజన్‌లో లక్నో ఏడో స్థానంలో ఆగింది. ధర వేరు, ఫలితం వేరు.

రెండో కారణం, మ్యాచ్‌లు తక్కువ. ఒక రూపాయి బిళ్లను 14 సార్లు ఎగరేయండి. సగటున ఏడుసార్లు బొమ్మ పడాలి. కానీ లెక్క కడితే, వందలో సుమారు 21 సార్లు బొమ్మ తొమ్మిది లేదా అంతకంటే ఎక్కువ పడుతుంది. ఇంకో 21 సార్లు ఐదు లేదా అంతకంటే తక్కువ పడుతుంది. అంటే బలం ఏమాత్రం మారని ఒక మామూలు జట్టు కూడా ఒక ఏడాది 18 పాయింట్లతో ప్లేఆఫ్స్‌కు పోవచ్చు, ఇంకో ఏడాది పట్టికలో కింద తేలొచ్చు. మనమేమో మొదటిసారి "ఏం కెప్టెన్సీ" అంటాం, రెండోసారి "టీమ్ ఖరాబైంది" అంటాం.

మూడో కారణం ప్లేఆఫ్స్. ఒక జట్టుకు ప్రతి మ్యాచ్‌లో గెలిచే అవకాశం 60 శాతం అనుకుందాం. టీ20లో అది చాలా మంచి జట్టు. అది మొదటి రెండు స్థానాల్లో నిలిచినా కప్పు గెలిచే అవకాశం సుమారు 50 శాతమే. మూడు, నాలుగు స్థానాల నుంచి అయితే సుమారు 22 శాతం.

నాలుగోది, ఎవరూ ఊహించనివి. 2025 మే నెలలో భారత్, పాకిస్థాన్ ఉద్రిక్తత వల్ల టోర్నీ వారం పాటు ఆగింది. సన్‌రైజర్స్ ఆశలు ఉప్పల్‌లో వర్షంతో రద్దయిన మ్యాచ్‌తో ముగిశాయి. ఏప్రిల్‌లో 14 ఏళ్ల వైభవ్ సూర్యవంశీ 35 బంతుల్లో సెంచరీ కొట్టాడు. ఏ లెక్కలో ఇవి ఉంటాయి?

అమెరికాలోనూ ఇదే కథ

అమెరికాలో ఉన్న మన బంధువులను అడిగితే, సెప్టెంబర్‌లో అక్కడ ఎన్‌ఎఫ్ఎల్ ఫుట్‌బాల్ అందాజాలు ఎట్లా నడుస్తాయో చెబుతారు. 32 జట్లు, ఒక్కో జట్టుకు 17 మ్యాచ్‌లు. అక్కడా జీతాల మొత్తానికి పరిమితి ఉంది. పైగా వెనుకబడిన జట్టుకే కొత్త ఆటగాళ్లను ముందుగా ఎంచుకునే హక్కు. 1998లో సెయింట్ లూయిస్ రామ్స్ 16లో నాలుగే గెలిచింది. తర్వాతి సీజన్‌లో అసలు క్వార్టర్‌బ్యాక్ గాయపడితే, ఒకప్పుడు కిరాణా స్టోర్‌లో సామాన్లు సర్దిన కర్ట్ వార్నర్ ఆ స్థానంలో ఆడి సూపర్ బౌల్ గెలిపించాడు. మన డెక్కన్ చార్జర్స్ కథకు ఇది అన్నదమ్ముల్లాంటిది.

సరైన అందాజా ఎట్లా ఉంటుంది?

వాతావరణ శాఖను చూడండి. ఏప్రిల్‌లో వానాకాలం అంచనా ఇచ్చేటప్పుడు ఒక్క అంకె చెప్పి ఊరుకోదు. ఇంత శాతం వర్షం, 5 శాతం అటుఇటు కావచ్చు అని కూడా చెబుతుంది. పత్తి రైతుకు అసలు పనికొచ్చేది ఆ "అటుఇటు" అన్న మాటే. క్రికెట్ అందాజా కూడా అట్లనే ఉండాలి:

- "కప్పు వీళ్లదే" అనకండి. "ఆరు నుంచి తొమ్మిది మ్యాచ్‌లు గెలవొచ్చు" అనండి.
- పది జట్లూ సమానమైతే ఒక్కోదానికి కప్పు అవకాశం 10 శాతం. మీకు నచ్చిన జట్టుకు 20 శాతం ఇచ్చారంటే అదే చాలా పెద్ద మాట.
- పెద్ద బ్యాట్స్‌మెన్ పేర్లకంటే ముందు చివరి ఓవర్లు వేసే బౌలర్లు ఎవరు, గాయాలు ఎవరికి ఉన్నాయి, సొంత పిచ్ ఎట్లాంటిది అని చూడండి.
- మొదటి మ్యాచ్ చూసి అభిప్రాయం మార్చుకోకండి.
- సీజన్‌కు ముందే కాగితం మీద రాసి పెట్టండి. చివర్లో పోల్చి చూస్తే మన తెలివి ఎంతో మనకే తెలుస్తుంది.

"పక్కా టిప్" వెనుక హిసాబు

టెలిగ్రామ్, వాట్సాప్‌లో టిప్స్ అమ్మేవాళ్ల లెక్క ఇట్లా ఉంటుంది. 1,024 మందికి మెసేజ్ పెడతారు. సగం మందికి ఒక టీమ్ గెలుస్తుందని, మిగతా సగానికి రెండో టీమ్ గెలుస్తుందని. తప్పు మెసేజ్ పోయిన 512 మందిని వదిలేస్తారు. మిగిలిన 512 మందిని మళ్లీ సగం చేస్తారు. ఐదు మ్యాచ్‌ల తర్వాత 32 మంది మిగులుతారు. వాళ్ల ఫోన్‌లో ఐదుకు ఐదు కరెక్ట్! "ఈయనకు లోపలి ఖబర్ ఉంది" అని వాళ్లు నమ్ముతారు. ఆరో మ్యాచ్‌కు వాళ్ల దగ్గర పైసలు అడుగుతారు. టిప్ ఇచ్చినాయనకు క్రికెట్ తెలియాల్సిన అవసరమే లేదు.

బెట్టింగ్ యాప్ లెక్క ఇంకా సులువు. సమాన బలం ఉన్న రెండు జట్ల మీద ఉదాహరణకు 1.90 రేటు ఇస్తారు. 100 పెట్టి గెలిస్తే 190 వస్తుంది, ఓడితే సున్నా. సగం సార్లు గెలిచినా, పెట్టిన ప్రతి 100లో సగటున 5 రూపాయలు యాప్‌కే పోతాయి. వెయ్యి రూపాయలను అట్లా తిప్పుతూ పోతే కరిగిపోవడం ఖాయం. దుకాణం నడిపే ఎవరికైనా ఇది అర్థమవుతుంది: ఈ వ్యాపారంలో కమీషన్ ఎప్పుడూ అటువైపే.

చట్టం ఏమంటోంది?

తెలంగాణలో 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి, పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. పైసలతో ఆడే ఆన్‌లైన్ ఆటలు నడిపితే మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రచారం చేస్తే రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా. ఫాంటసీ క్రికెట్‌లో పైసల పోటీలకు కూడా ఇది వర్తిస్తుంది. దీన్ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. సూరహ్ మాయిదా 90వ ఆయత్‌లో మద్యంతో పాటు జూదాన్నీ కలిపి నిషేధించిన సంగతి ప్రతి ఇంట్లో తెలిసిందే.

ఇంట్లో ఏం చేయాలి?

క్రికెట్ చూడొద్దని పిల్లలను తిడితే వాళ్లు దాచుకుంటారు. మ్యాచ్ వాళ్లతో కలిసి చూడండి, అందాజాలు వేయించండి, పైన చెప్పిన 1,024 మందిది, 1.90ది లెక్క వాళ్లతోనే చేయించండి. ఖాతా నుంచి చిన్న చిన్న మొత్తాలు తరచూ పోతున్నాయా, లోన్ యాప్‌ల నుంచి ఫోన్లు వస్తున్నాయా అని గమనించండి. పోయినవి రాబట్టాలని ఇంకా పెట్టడమే అన్నింటికంటే పెద్ద నష్టం. ఆ మాట వినబడితే వెంటనే ఆపించండి, అరవకుండా.

మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చెబితే పైసలు మధ్యలో ఆపించే అవకాశం అంత ఎక్కువ. అప్పుల బాధతో ఎవరైనా కుంగిపోతే టెలి మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఈ రెండు నంబర్లు ఇంట్లో అందరి ఫోన్లలో సేవ్ చేసి పెట్టండి.