విడాకులూ, భార్య వాటా

విడాకులు పాశ్చాత్యుల నుండి అరువు తెచ్చుకున్నవని వాదించేవారు నేటికీ వున్నారు. చరిత్ర ఈ వాదాన్ని బలపరచదు. ధర్మశాస్త్రాలు వివాహాన్ని తెగని ముడిగా చేసినా, శ్రమజీవుల కులాలు అనేకంలో మారుమనువు ఆచారంగా సాగుతూనే వచ్చింది. కులపెద్దలు ఓలి తిరిగి ఇప్పించి తెగతెంపులు చేసేవారు. 1955 నాటి హిందూ వివాహ చట్టం కూడా ఈ ఆచారాన్ని రద్దు చేయలేదు.

కాకుమానుతో సహా గుంటూరు జిల్లా అంతా 1953 దాకా మద్రాసు రాష్ట్రంలోనిది. కనుక ఇక్కడి హిందూ స్త్రీకి చట్టపు విడాకులు పార్లమెంటు కంటె ముందే, 1949 మద్రాసు చట్టం ద్వారా వచ్చాయి. తలుపు తెరుచుకున్నది, నిజమే. కాని గడప దాటిన స్త్రీ వెంట ఏమి వెళ్ళాలి?

1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా భూమికి విలువ పెరిగింది. భూవసతి గల కుటుంబాలు ఆడపిల్లకు పసుపుకుంకుమల క్రింద పొలం ఇస్తాయి. పత్రం ఆమె పేర, పెత్తనం భర్తది. ఆ రాబడితో, ఆమె చాకిరితో కొన్న రెండవ పొలం భర్త పేర రిజిస్టరవుతుంది. విడాకులనాడు పుట్టింటివారిచ్చిన పొలం ఆమెదే. 27వ సెక్షను పెళ్ళినాటి ఉమ్మడి కానుకలను మాత్రమే పంచుతుంది. రెండవ పొలంలో ఆమెకు వాటా లేదు, ఉన్నదల్లా భరణం. వాటా హక్కు. భరణం కోర్టు నిర్ణయించే మొత్తం.

బిడ్డల సమస్య దీనికి వేరు కాదు. 1956 చట్టం తండ్రిని మొదటి సంరక్షకుణ్ణి చేసి, అయిదేళ్ళ లోపు బిడ్డను మాత్రం సాధారణంగా తల్లి దగ్గర వుంచమన్నది. తండ్రి 'తరువాత' తల్లి అన్న మాటను సుప్రీంకోర్టు 1999లో సవరించి చదివింది. బిడ్డ క్షేమమే ముఖ్యమని న్యాయస్థానాలంటున్నాయి. మంచిదే. కాని వట్టి చేతులతో బయటికి వచ్చిన తల్లి ఎన్నేళ్ళు వ్యాజ్యం నడపగలదు? ఆస్తి లేనిచోట మాతృహక్కు కాగితం మీదనే మిగులుతుంది.

వైపరీత్యం చూడండి: విధవరాలికి 1937 నుండి క్రమంగా వాటా వచ్చింది. కూతురికి ఆంధ్రప్రదేశ్‌లో 1985లో, దేశమంతటా 2005లో వచ్చింది. భర్త బ్రతికివుండగా భార్యకు మాత్రం లేదు. గోవాలో పోర్చుగీసు సివిల్ కోడు దంపతుల ఆస్తిని ఉమ్మడిగా గుర్తించింది; కనుక ఇది అసాధ్యమేమీ కాదు. భర్త స్థిరాస్తి నుండి భార్యకు పరిహారమిచ్చే బిల్లు 2013లో రాజ్యసభలో నెగ్గి, లోక్‌సభ ముగియడంతో 2014లో మురిగిపోయింది.

విడిపోయే స్వేచ్ఛను చట్టం ఒప్పుకున్నది. ఇంటి చాకిరీ ఆస్తిని సృష్టించే శ్రమేనని ఒప్పుకొననంతవరకూ ఆ స్వేచ్ఛ సగమే.