ఆలోచనను పరీక్షకు పెట్టిన చికిత్స

కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, పొట్టిగా సీబీటీ, రెండు పాయలు కలిసి ఏర్పడిన మానసిక చికిత్స. ప్రవర్తన పాయ పాతది. 1924లో అమెరికాలో మేరీ కవర్ జోన్స్, కుందేలును చూస్తే హడలిపోయే పీటర్ అనే చిన్నపిల్లవాడి భయం పోగొట్టారు. వాడు ఇష్టమైనది తింటుండగా బోనులోని కుందేలును దూరాన ఉంచి, కొద్దికొద్దిగా దగ్గరికి జరిపారు. చివరికి వాడే దాన్ని నిమిరాడు. ఊరికే నచ్చజెబితే పిల్లల భయం పోదని కూడా ఆమె పరిశీలనల్లో తేలింది. 1958లో దక్షిణాఫ్రికాకు చెందిన జోసెఫ్ వోల్పే ఇలాంటి పద్ధతినే పెద్దల భయాలకు క్రమబద్ధం చేసి పుస్తకంగా తెచ్చారు.

ఆలోచన పాయకు 1950ల నడుమ ఆల్బర్ట్ ఎల్లిస్ దారి తీశారు. మనిషిని బాధించేది సంఘటన కాదు, దాని గురించి అతడు ఏర్పరచుకున్న అభిప్రాయం అన్న గ్రీకు తత్త్వవేత్త ఎపిక్టెటస్ మాట ఆయనకు ఆధారం. అయితే చికిత్సకు గట్టి రూపమిచ్చింది ఫిలడెల్ఫియాకు చెందిన ఆరన్ బెక్. ఆయన మొదట ఫ్రాయిడ్ మార్గంలో శిక్షణ పొందినవారు. ఒక రోగి తన సంగతులు చెబుతూ ఆందోళన పడుతుంటే కారణం అడిగారు. డాక్టరుకు తన మాటలు విసుగు పుట్టిస్తున్నాయేమో అన్నదే ఆమె బెంగ. పైకి చెప్పే మాటల అడుగున ఇలా చటుక్కున మెదిలే తలంపులు సాగుతుంటాయని బెక్ గ్రహించారు.

ఆ తలంపును బయటికి తీసి పరీక్షించడమే చికిత్స. స్నేహితురాలు పలకరించకుండా వెళ్లిపోతే ‘నేనంటే గిట్టదు’ అనిపిస్తుంది. దాన్ని కాగితం మీద రాయిస్తారు. అది నిజమనడానికి ఏముంది, కాదనడానికి ఏముంది అని అడుగుతారు. మర్నాడు తనే వెళ్లి పలకరించి చూడమంటారు. అంతా మంచే అనుకోమని చెప్పడం సీబీటీ అని చాలామంది పొరబడతారు. నిజానికి ఇక్కడ తీర్పు చెప్పేది అనుభవమే.

1977లో కుంగుబాటుకు వాడే ఇమిప్రమిన్ మందుతో పోల్చి చూసిన అధ్యయనంలో ఫలితం ఈ చికిత్స వైపే మొగ్గింది. 1979లో బెక్ బృందం చికిత్స విధానాన్ని పుస్తకంగా ప్రచురించింది. తర్వాత భయాందోళనలకు, నిద్రలేమికి కూడా దీన్ని మలిచారు.

ఈ చరిత్రలో అన్నిటికన్నా విలువైన ఘట్టం పాకిస్తాన్‌లోని రావల్పిండి పల్లెల్లో జరిగింది. అక్కడ అతీఫ్ రెహమాన్ బృందం, కుంగిపోయిన గర్భిణుల ఇళ్లకు వెళ్లే మహిళా ఆరోగ్య కార్యకర్తలకు ఈ పద్ధతి నేర్పింది. వారికి మానసిక వైద్యంలో చదువేమీ లేదు. 2008లో ఫలితాలు వెలువడ్డాయి. ఈ శిక్షణ లేని మామూలు కార్యకర్తలు, శిక్షణ పొందినవారు వెళ్లినన్ని సార్లే వెళ్లి చూసిన తల్లుల్లో, కాన్పయిన ఆరు నెలలకు 53 శాతం మంది ఇంకా కుంగుబాటులోనే ఉండగా, శిక్షణ పొందినవారు వెళ్లిన ఇళ్లలో ఆ సంఖ్య 23 శాతానికి పరిమితమైంది.