సెకన్లు చెప్పిన చిక్కదనం

మన ఇంజనీరింగ్ కాలేజీల్లో చదివినవాళ్లలో చాలామందికి రెడ్‌వుడ్ విస్కోమీటర్ గుర్తుండే ఉంటుంది. వేడినీళ్ల తొట్టి మధ్యలో నూనె గిన్నె, దాని అడుగున అగేట్ రాయిలో తొలిచిన సన్నటి రంధ్రం, ఆ రంధ్రం మీద ఓ చిన్న గుండు. గుండు ఎత్తగానే నూనె ధార కడుతుంది. కింది సీసాలో 50 మిల్లీలీటర్ల గీత దాకా నిండేలోపు స్టాప్‌వాచ్ మీంచి చూపు మళ్లకూడదు. చివరికి రికార్డులో ‘స్నిగ్ధత: 100 సెకన్లు’ అని రాసేసేవాళ్లం. సెకన్లు కాలానికి కొలత కదా, చిక్కదనానికి ఎలా అయ్యాయని అడగాలని అప్పట్లో నాకు తోచనే లేదు.

జవాబు కావాలంటే చాలా వెనక్కి వెళ్లాలి. 1687లో అచ్చయిన ‘ప్రిన్సిపియా’లో న్యూటన్ ఈ గుణాన్ని జారుడు లేకపోవడంగా చెప్పాడు. పాశ్చాత్యుల విస్కాసిటీ అన్న మాటకు మూలం పిట్టల్ని పట్టే జిగురుకు వాడిన లాటిన్ పదం. మన స్నిగ్ధత, స్నేహం ఒకే ధాతువు నుంచి పుట్టినవి. సంస్కృతంలో స్నేహమంటే నూనె కూడాను. వాళ్లకు అంటుకోవడం కనబడిన చోట మనకు జిడ్డు కనబడింది.

సన్నటి గాజు గొట్టాల్లో ద్రవాల ప్రవాహాన్ని ఓపిగ్గా కొలిచి, దాని సూత్రం పట్టినవాడు ఫ్రెంచి వైద్యుడు పాజాయ్. ఆయన ధ్యాసంతా రక్తం మీద. ఇంచుమించు అదే కాలంలో, 1839లో, జర్మనీలో హాగెన్ కూడా ఆ సూత్రాన్నే పట్టుకున్నాడు. ఐర్లండులో పుట్టిన కేంబ్రిడ్జి పండితుడు స్టోక్స్ 1845లో ద్రవాల ఘర్షణకు సమీకరణాలు రాశాడు. పాజాయ్ పేరు మీద పాయిజ్, స్టోక్స్ పేరు మీద స్టోక్ తరవాత ప్రమాణాలయ్యాయి. పాయిజ్ ద్రవం చూపే నిరోధాన్ని కొలుస్తుంది. ఆ నిరోధాన్ని సాంద్రతతో భాగిస్తే వచ్చేది శుద్ధగతిక స్నిగ్ధత. దాని ప్రమాణం స్టోక్, అంటే సెకనుకు ఒక చదరపు సెంటీమీటరు. అందులో నూరో వంతు సెంటీస్టోక్. 20 డిగ్రీల దగ్గర నీళ్లది దాదాపు ఒక సెంటీస్టోక్, గాలిది సుమారు పదిహేను! ఈ లెక్కన గాలి నీళ్లకంటే ‘చిక్కన’. బరువు తీసేసి చూస్తే ఇలాంటి తమాషాలే కనిపిస్తాయి.

నూనె వ్యాపారులకు ఈ సమీకరణాలతో పనిలేదు. దీపం నూనె, యంత్రాల నూనె పీపాలకొద్దీ అమ్ముడవుతున్న రోజులవి. గుమాస్తా చేతికి కావలసింది ఒక గిన్నె, ఒక గడియారం. పందొమ్మిదో శతాబ్దం చివర జర్మనీలో ఎంగ్లర్, ఇంగ్లండులో రెడ్‌వుడ్, అమెరికాలో స్టాండర్డ్ ఆయిల్‌కు చెందిన సేబోల్ట్ ఎవరి గిన్నె వాళ్లు తయారుచేశారు. కారనిచ్చే నూనె రెడ్‌వుడ్‌ది 50 మిల్లీలీటర్లు, సేబోల్ట్‌ది 60, ఎంగ్లర్‌ది 200. ఎంగ్లర్ సెకన్లతోనూ ఆగలేదు. నూనె కారిన కాలాన్ని నీళ్లు కారిన కాలంతో భాగించి ‘డిగ్రీలు’ అన్నాడు. వేడిని కొలిచే డిగ్రీలతో వాటికి సంబంధమే లేదు.

గిన్నెలో నూనెను కిందికి తోసేది దాని బరువే. బరువైన నూనె తనను తాను గట్టిగా తోసుకుంటుంది కనుక సాంద్రత లెక్కలోంచి దానంతటదే తప్పుకుంటుంది. గుమాస్తాకు తెలియకుండానే గడియారం శుద్ధగతిక స్నిగ్ధతను చెబుతోందన్నమాట. అయితే నిక్కచ్చిగా కాదు. పాజాయ్ గొట్టం పొడుగు, ఈ రంధ్రం పొట్టి. పలచటి నూనె విషయంలో తోపులో కొంత భాగం ఘర్షణకు కాక వేగానికి ఖర్చవుతుంది. అందుకే మార్పిడి సూత్రాల్లో తీసివేత వచ్చి కూర్చుంది. పలచటి నూనెకైతే రెడ్‌వుడ్ సెకన్లను 0.26తో గుణించి, 179ని అవే సెకన్లతో భాగించగా వచ్చినదాన్ని అందులోంచి తీసేయాలి. అలా చేస్తే 100 సెకన్లు 24.2 సెంటీస్టోకులవుతాయి, 40 సెకన్లు 5.9 మాత్రమే. కాలం సగానికి కాస్త కిందికి దిగేసరికి చిక్కదనం నాలుగో వంతుకు పడిపోయింది. ఆ 24.2నే సేబోల్ట్ గిన్నె సుమారు 115 సెకన్లంటుంది, ఎంగ్లర్ గిన్నె దాదాపు మూడున్నర డిగ్రీలంటుంది. పుట్టిని తూముల్లోకి మార్చినట్టు ఒక్క గుణకారంతో తేలే పని కాదిది. నూనె ప్రయోగశాలల్లో పేజీలకు పేజీలు మార్పిడి పట్టికలు వేలాడింది ఇందుకే.

వీటన్నిటి మీదా ఉష్ణోగ్రత పేచీ ఒకటి. పాత కొలతలు ఎక్కువగా 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర తీసినవి, అంటే 37.8 సెల్సియస్. 1975లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ పారిశ్రామిక నూనెల తరగతులను 40 సెల్సియస్ దగ్గరి సెంటీస్టోకులతో నిర్ణయించింది. 68 తరగతి నూనె అంటే 61.2 నుంచి 74.8 లోపు ఉండాలి. రెండు డిగ్రీల తేడాయే కదా అనుకుంటే పొరపాటు. వేడెక్కిన కొద్దీ పలచబడడం నూనె స్వభావం, అందుకని పాత సంఖ్యను మార్చేవాడు ప్రమాణంతోపాటు ఉష్ణోగ్రతనూ మార్చుకోవాలి. ఓడల ఇంధనంలో ఇది కొట్టొచ్చినట్టు కనబడుతుంది. 100 ఫారెన్‌హీట్ దగ్గర 3500 రెడ్‌వుడ్ సెకన్లని పిలిచిన ఇంధనమే 50 సెల్సియస్ దగ్గర 380 సెంటీస్టోకులైంది. ఆ తరవాత బేరాలు చాలావరకు ఆ 380 పేరు మీదే సాగాయి.

ఇక రంగుల పరిశ్రమకు వెళ్తే సెకన్లు ఎక్కడికీ పోలేదు. అడుగున చిల్లున్న ఫోర్డ్ కప్పులో రంగు నింపి, వేలు తీసి, ధార తెగేదాకా లెక్కపెడతారు.