కంచు గొట్టం నుంచి రబ్బరు బుష్ దాకా

తొలినాటి కార్లలో సస్పెన్షన్ కీళ్లకు కంచు బుష్‌లు వేసేవారు. ఉక్కు పిన్ను కంచు గొట్టంలో రాసుకుంటూ తిరిగేది. గ్రీజు ఆరితే రెండూ అరిగేవి. దుమ్ము చేరితే ఆ గ్రీజే ఆకురాయిలా పిన్నును తినేసేది. అందుకే కమాన్ పట్టీల చివర్లు మొదలు ప్రతి కీలుకీ గ్రీజు నిపుల్ ఉండేది.

ఆ చాకిరీ తప్పించింది రబ్బరు. గంధకంతో రబ్బరును గట్టిపరచే పద్ధతిని చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లోనే కనుక్కున్నా, అది కారు కీళ్లలోకి రావడానికి ఎనభై ఏళ్లకు పైగా పట్టింది. 1920లలో ఫ్రాన్స్‌లో వచ్చిన సిలెంట్‌బ్లాక్‌లో రెండు లోహపు గొట్టాల మధ్య రబ్బరును బలంగా నొక్కి బిగించారు. కీలు కదిలితే అందులో ఏదీ రాసుకోదు. రబ్బరు మెలితిరిగి మళ్లీ యథాస్థితికి వస్తుంది. గ్రీజు అక్కర్లేదు, రోడ్డు అదురూ తగ్గుతుంది. ఫ్రెంచివాళ్లు నేటికీ రబ్బరు బుష్‌ను ఆ పేరుతోనే పిలుస్తారు.

ఇంగ్లండ్‌లోని అబింగ్‌డన్‌లో 1962 నుంచి 1980 దాకా తయారైన ఎం.జి.బి. కారుకు ముందు చక్రాల కింది ఆర్ముల్లో సాదా రబ్బరు బుష్‌లు ఉండేవి. ఇంజిన్ నుంచి కారే నూనె తగిలి అవి ఉబ్బి మెత్తబడేవి. 1973లో వచ్చిన వి8 మోడల్‌కు ఉక్కు గొట్టాలున్న బుష్‌లు వేశారు. పాత ఎం.జి.బి.ని రోజూ నడిపేవారికి ఇప్పటికీ ఇంతకంటే మంచి ఎంపిక లేదు. అయితే కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడే బోల్టు బిగించాలి. జాకీ మీద, ఆర్ము కిందికి వేలాడుతుండగా బిగిస్తే, కారు దించగానే రబ్బరు మెలిపడి అలాగే ఉండిపోతుంది, త్వరగా చిరుగుతుంది.

1937లో జర్మనీలో ఒట్టో బేయర్ బృందం రూపొందించిన పాలియురేథేన్ తర్వాత బుష్‌ల రూపంలోనూ వచ్చింది. నూనెకు చెడదు, రబ్బరుకన్నా గట్టిది. మలుపుల్లో చక్రం పక్కకు జరగదు. కానీ చాలా పాలీ బుష్‌లలో కదలిక మళ్లీ రాపిడితోనే జరుగుతుంది. గ్రీజు ఆరిందా, కిర్రుమంటాయి. కంచు కాలపు చాకిరీ కొంత తిరిగొచ్చినట్టే. 1960లో డ్యూపాంట్ అమ్మకానికి తెచ్చిన డెల్రిన్ అనే ప్లాస్టిక్ మరీ కఠినం. రేసు కారుకు సరే, వీధి కారులో ప్రతి గతుకూ స్టీరింగ్ దాకా వస్తుంది. వెనుక కమాన్ పట్టీల ముందు కంటికి, అంటే బుష్ కూర్చునే చుట్టకు, అసలే పనికిరాదు. మలుపులో కారు ఒరిగినప్పుడు పట్టీ కొంచెం పక్కకు మెలితిరగాలి; అక్కడ గట్టి బుష్ వేస్తే పట్టీ బిగుసుకుపోతుంది.