గోదావరి సరిహద్దున దండభయ దౌత్యము

భద్రాచలమున గోదావరి యొడ్డున నిలిచి ఆవలిగట్టున నున్న బూర్గంపాడు సీమను చూచువారికి నేడు నడుమ నున్నది నది మాత్రమే. కాని 1860 మొదలు 1948 వరకు ఆ నది రెండు ప్రభుత్వములకు ఎల్లగా నుండెను. కుడిగట్టు నిజాము ప్రభువుది. ఎడమగట్టు 1947 వరకు బ్రిటిషువారిది, తరువాత భారత యూనియనుది. ఈ యెల్ల యేర్పడినది యుద్ధమువలన గాక సంధిపత్రమువలన. రెండు రాజ్యముల నడిమి హద్దుగా అది చెరిగినది మాత్రము సైన్యము నడచిన పిదపనే. ఈ భేదమునకు కారణములు విచారించుట ఈ వ్యాసమున మా యుద్దేశము.

సామ దాన భేద దండములని మన పూర్వులు నాలుగుపాయములు చెప్పిరి. దండమును ప్రయోగింపక, దాని భయమును మాత్రము చూపి, సంప్రతింపులచే కార్యము సాధించుటను మేమిచట దండభయ దౌత్యమనుచున్నాము. కత్తి ఒరలో నుండగనే కోరినది దక్కినచో అది ఫలించినట్లు. కత్తి దూయవలసి వచ్చినచో, తుదకు జయము లభించినను, దౌత్యముగా అది విఫలమైనట్లే.

ఫలించిన దానికి 1853 నాటి సంధి ఉదాహరణము. హైదరాబాదు కంటింజెంటు సైన్యపు బాకీని కారణముగా జూపి, గవర్నరు జనరలు డల్హౌసీ బీరారు మొదలగు సీమలను శాశ్వతముగా నిచ్చివేయుమని నాసిరుద్దౌలా ప్రభువును కోరెను. రెసిడెంటు కర్నల్ లో ఎంత యొత్తిడి చేసినను ప్రభువు చాలదినములు సమ్మతింపలేదు. సైన్యములు కదలునను హెచ్చరిక మంత్రి సిరాజుల్ముల్కునకు అందిన పిమ్మట, మే 21న సంధి జరిగెను. కాని యీ సంధిలో శాశ్వత దానమను మాట లేదు. పాలన మాత్రమే కుంపిణీకి అప్పగింపబడెను. సర్వాధికారము పేరునకైనను నిజామునందే నిలిచెను. భయము ఎంత పనిచేసెనో ఈ సడలింపును అంతే పనిచేసెనని మా యభిప్రాయము.

భద్రాచల ప్రాంతము చేతులు మారిన 1860 సంధి మరియొక విధమైనది. 1857లో హైదరాబాదు ప్రభుత్వము బ్రిటిషువారి పక్షమున నిలిచెను. అందుకు ప్రతిఫలముగా 50 లక్షల రూపాయల బాకీ రద్దయ్యెను. రాయచూరు అంతర్వేదియు ధారాశివమును తిరిగి ఇయ్యబడెను. సురపురము కొత్తగా చేర్చబడెను. మార్పుగా భద్రాచలము, రేకపల్లి మొదలగు ఎడమగట్టు సీమలు బ్రిటిషువారికి చెందెను. గోదావరిపై సరకుల రాకపోకలకు సుంకములు తొలగెను. నదిని నౌకామార్గముగ చేయవలెనను నాటి యత్నమునకు దుమ్ముగూడెము ఆనకట్ట సాక్షి. ఇచట పనిచేసినది దండభయము కంటె దానోపాయమే.

ఇక 1947-48 నాటి చరిత్ర. 1947 నవంబరు 29న ఏడాది కాలమునకు యథాతథపు ఒడంబడిక కుదిరెను. దానిని మీరిరని ఇరుపక్షములును పరస్పరము నిందించుకొనెను. సరిహద్దున ఆర్థిక నిర్బంధము బిగిసెను. 1948 జూనులో సిద్ధమైన ఒప్పందపు ముసాయిదాను నిజాము త్రోసిపుచ్చెను. రజాకారు దళములను నిషేధింపుడనియు, భారత సైన్యమును సికింద్రాబాదునకు మరల రానిండనియు ఆ వేసవి గడచిన పిదప యూనియను ప్రభుత్వము కోరెను. అదియు నిరాకృతమయ్యెను. సెప్టెంబరు 13న సైన్యము ప్రవేశించెను. 17న నిజాము కాల్పుల విరమణ ప్రకటించెను.

ఈ వైఫల్యమునకు నాలుగు కారణములు కానవచ్చుచున్నవి. మొదటిది, కోరినది చేయగల శక్తి కోరబడినవానికి లేకుండుట. 1947 అక్టోబరు చివర, ఢిల్లీకి బయలుదేరనున్న ప్రతినిధుల యిండ్లను రజాకార్ల గుంపులు ముట్టడించి ప్రయాణము నాపెను. ఛత్తారి నవాబు ప్రధానిపదవి వీడెను. అట్టి గుంపులను అణచుమని కోరుట సులభము. అణచుట నాటి నిజామునకు సాధ్యమా? రెండవది, బయటి సహాయముపై ఆశ. 1853లో నిజామునకు మరియొక దిక్కు లేదు. 1948లో విమానములపై ఆయుధములు వచ్చుచుండెను. ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు పోయెను. మూడవది, కోరికయొక్క పరిమాణము. మునుపు సీమ పోయినను కిరీటము మిగిలెను. ఇప్పుడు కిరీటమునకే అర్థము పోవుచుండెను.

నాలుగవది స్మృతి. 1788లో గుంటూరు పోయెను. 1902లో బీరారు శాశ్వతపు కౌలుగా మారెను. దానిని తిరిగి యిమ్మని ఉస్మానలీఖాను 1923లో కోరగా, 1926లో వైస్రాయి రీడింగు నిరాకరించెను. ఆ నిరాకరణ మందుకొన్న ప్రభువే 1948లో సింహాసనముపై నుండెను. లొంగినచో కోరికలు అంతటితో ఆగునని ఆతడు నమ్మకపోవుట ఈ యనుభవఫలమని మా యూహ. ఒకనాటి ఫలించిన బెదిరింపు తరువాతి బెదిరింపును బలహీనపరచుట కలదు.

ఐదు దినములలో ముగిసినదానిని వైఫల్యమనుట యెట్లని కొందరు అడుగవచ్చును. రాజ్యము యూనియనులో చేరుట యనివార్యమే యైనను, చేరిన విధము వేరు. రజాకార్ల దౌర్జన్యములకు అంతకుముందే పల్లెలు బలియయ్యెను. సైనికచర్య నాటను, ఆ తరువాతను 27 వేల నుండి 40 వేల వరకు జనులు మరణించియుందురని సుందర్‌లాల్ సంఘము అంచనా వేసెను. దౌత్యము విఫలమైనప్పుడు వెల చెల్లించువారు సంప్రతింపులలో కూర్చుండిన వారు కారు.

సంధి కుదిరినప్పుడును అడవి జనుల మాట యెవరును అడుగలేదు. 1860లో చేతులు మారిన రేకపల్లి, 1874లో మధ్యరాష్ట్రములనుండి మద్రాసు రాజధానికి మారెను. పోడు వ్యవసాయముపై పన్ను హెచ్చెను. 1879లో రంప తిరుగుబాటు అచటికిని వ్యాపించెను. భద్రాచలము 1959లో ఖమ్మము జిల్లాలో చేరెను. 2014లో భద్రాచలము పట్టణము తెలంగాణమున నిలువగా, చుట్టునున్న పల్లెలు పెక్కు ఆంధ్రప్రదేశమునకు పోయెను. సంధుల ఫలమును సంతకము చేసిన ప్రభువుల పక్షమున మాత్రమే గాక, హద్దునకు ఇరువైపుల బ్రతికిన కోయల, కొండరెడ్ల పక్షమునను పరిశీలించుట మన పరిశోధక విద్యార్థులు చేయదగిన పని.