గోదావరి మట్టిలో సిపాయి బిళ్ళ

గోదావరి డెల్టాలో ఎక్కడైనా పాత ఇత్తడి బిళ్ళ ఒకటి బయటపడి, దాని మీద కిరీటమో ఏనుగో నాలుగు ఇంగ్లీషు అక్షరాలో కనిపిస్తే చాలు, అక్కడ పూర్వం పెద్ద యుద్ధం జరిగిందన్న మాట సాయంత్రానికల్లా ఊరంతా పాకుతుంది. మెటల్ డిటెక్టర్లు సులువుగా దొరుకుతున్న ఈ రోజుల్లో ఇలాంటి కథలకు కొదవ లేదు. కానీ బిళ్ళను తీరిగ్గా చదివితే కథ తిరగబడుతుంది. డెల్టా చేలల్లో దొరికే సైనిక చిహ్నం ఇక్కడికి వచ్చి పోరాడిన సైన్యానిది అయ్యే అవకాశం చాలా తక్కువ. ఇక్కణ్ణుంచి కొలువుకు వెళ్లి తిరిగొచ్చిన మనిషిది అయ్యే అవకాశమే ఎక్కువ. ఆ లెక్కన అది యుద్ధచరిత్ర కన్నా ఊళ్ల చరిత్రకే ఎక్కువ పనికొస్తుంది.

చదవడం వెనక వైపు నుంచి మొదలుపెట్టాలి. ముందు వైపు బొమ్మను ఎవరైనా పోతపోసి దించేయగలరు. వెనక ఉన్న బిగింపు మాత్రం దాన్ని ఎక్కడ తగిలించుకునేవారో చెబుతుంది. నిలువుగా చదునైన రేకు కాడ ఉంటే అది టోపీ మడతలోకి దూర్చే బిళ్ళ. ఈ పద్ధతి బ్రిటిష్ సైన్యంలో పంతొమ్మిదో శతాబ్దం చివర్లో వచ్చింది. రెండు మూడు చిన్న రింగులుండి, వాటిలోంచి ఇత్తడి పిన్ను దూర్చే ఏర్పాటు ఉంటే కాలరుదో, భుజానిదో, అంతకు ముందటి టోపీదో కావచ్చు. సూదీ కొక్కెమూ ఉంటే అది అసలు యూనిఫాం మీదిదే కాకపోవచ్చు. ఇంగ్లండులో సిపాయిలు ఇంటి ఆడవాళ్లకు ఇచ్చుకున్న చిన్న కానుక బిళ్ళలకు అలాంటి సూదే ఉండేది. ఇక ముందు వైపు మొదట చూడాల్సింది కిరీటం. దాని కమానులు రెండు పక్కల నుంచీ గుండ్రంగా లేచి గుమ్మటంలా కలిస్తే అది 1901 తర్వాతి రాజుల కాలానిది. నడిమన నొక్కుకుపోయి ఉంటే విక్టోరియా కాలానిదైనా కావాలి, 1953 తర్వాతి ఎలిజబెత్ రాణి కాలపు బ్రిటన్ సరుకైనా కావాలి. రెండోదైతే మన సైన్యానిది కానే కాదు. 1950 జనవరి 26న మనది గణతంత్రమయ్యాక భారత సైన్యం చిహ్నాల్లో కిరీటం పోయి అశోకుడి సింహాలు వచ్చాయి.

అంకెలూ అక్షరాలూ ఇంకా గట్టి సాక్షులు. 1903లో సర్వసైన్యాధిపతి కిచెనర్ దళాల నంబర్లు మార్చినప్పుడు మద్రాసు కాల్బలాల పాత నంబరుకు 60 కలిపారు. 23వ వాలాజాబాద్ దళం 83వది అయింది. 4వ మద్రాసు పయనీర్లు 64వ పయనీర్లయ్యారు. అందుకని 83 అన్న అంకె ఉన్న వాలాజాబాద్ బిళ్ళ 1903కు ముందుది కాలేదు. 1922లో ఆ నంబర్లూ పోయి 3వ మద్రాసు రెజిమెంటు ఏర్పడింది. దక్షిణాదివాళ్లు యుద్ధానికి పనికిరారని, ఉత్తరాదిలో కొన్ని కులాలూ తెగలే పుట్టు యోధులని అప్పటి సైనికాధికారులు నమ్మేవారు. ఆ నమ్మకం మీదే ఈ రెజిమెంటు రెగ్యులర్ బెటాలియన్లను ఒక్కొక్కటిగా ఎత్తేస్తూ 1928 నాటికి చివరిదాన్నీ రద్దు చేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో మనుషులు చాలక 1941-42లో మళ్లీ నిలబెట్టారు. కనుక ఆ పేరున్న భుజం పట్టీ దొరికితే, టెరిటోరియల్ దళాల సంగతి పక్కన పెడితే, 1928కి ముందుదో 1941 తర్వాతదో అయి ఉండాలి. సరఫరాలూ రవాణా చూసే సర్వీస్ కోర్ విషయంలో ఒక్క అక్షరమే తేదీ చెబుతుంది. 1923 నుంచి ఐ.ఎ.ఎస్.సి., 1935లో 'రాయల్' బిరుదు వచ్చాక ఆర్.ఐ.ఎ.ఎస్.సి., గణతంత్రం వచ్చాక ఉత్త ఎ.ఎస్.సి. ఏనుగు బొమ్మను మాత్రం తొందరపడి నమ్మకూడదు. 1803 సెప్టెంబరు 23న అస్సయి దగ్గర మరాఠాల మీద గెలిచినందుకు ఏనుగు గుర్తు మద్రాసు దళాలకు దక్కిన మాట నిజమే. నేటి మద్రాస్ రెజిమెంట్ డాలు మీదా ఏనుగే ఉంది. కానీ అదే యుద్ధానికి 74వ, 78వ స్కాట్లండు దళాలకు కూడా ఏనుగును ఇచ్చారు.

అసలు కిరీటమున్న ప్రతి బిళ్ళా సైన్యానిది కాదు. డెల్టాలో సైనికుడి కన్నా ఎక్కువగా కనిపించిన ఇత్తడి బిళ్ళ డవాలీ బంట్రోతుది. కలెక్టరు కచేరీ నుంచి తాలూకా కచేరీ దాకా, ఛాతీకి అడ్డంగా వేసుకున్న పట్టీ మీద ఆఫీసు పేరున్న బిళ్ళే అతని అధికారం. పోలీసులకూ కిరీటపు బిళ్ళలుండేవి. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖతో పాటు కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఆ రోజుల్లో వైమానిక దాడుల జాగ్రత్తలు చూసే ఎ.ఆర్.పి. కార్యకర్తలకు కూడా బిళ్ళలుండేవి, వాళ్లేమో పౌరులు. యానాం 1954 దాకా ఫ్రెంచివారి చేతిలో ఉంది, ఫ్రెంచి వలస సైన్యాల గుర్తు లంగరు. అయితే కోరంగి, కాకినాడ రేవులు పక్కనే ఉన్నందువల్ల లంగరు గుండీ ఓడ మనిషిదీ కావచ్చు. వీటన్నిటినీ పక్కకు తీశాకే 'సైనిక' అన్న మాట వాడాలి.

ఇక్కడ ఒక అభ్యంతరం రావడం సహజం. డెల్టాలో యుద్ధాలే జరగలేదా అని అడగవచ్చు. జరిగాయి. 1758 డిసెంబరులో పిఠాపురానికి దగ్గర్లోని చందుర్తి దగ్గర కర్నల్ ఫోర్డ్, విజయనగరం ఆనంద గజపతిరాజు కలిసి ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్‌ను ఓడించారు. ఉత్తర సర్కారులు ఇంగ్లీషువారి చేతికి రావడానికి దారి తీసిన యుద్ధమది. కానీ బ్రిటిష్ సైన్యమే తన గుండీల మీద రెజిమెంటు నంబరు వేయాలని నిర్ణయించుకున్నది 1767లో. చందుర్తి మట్టిలో ఆ యుద్ధం గుర్తులుంటే అవి సీసపు గుళ్లయి ఉండాలి గాని, కిరీటమూ అక్షరాలూ ఉన్న పిన్నులు కావు. రెండో ఉదాహరణ మన్యం పోరాటం. 1922 ఆగస్టు 24న అల్లూరి సీతారామరాజు అనుచరులు రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ మీద దాడి చేశారు. తర్వాత మలబార్ స్పెషల్ పోలీసులూ అస్సాం రైఫిల్సూ వచ్చారు. అదంతా కొండల్లోని సంగతి, పైగా సగం పోలీసు సంగతి. డెల్టాకు వచ్చిన సైనికుల్లో అందరికన్నా పేరున్నవాడు కాటన్ దొర. ఆయన మద్రాసు ఇంజనీర్ల దళం అధికారి, 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరంలో చేసింది ఆనకట్ట పని. అక్కడ ఆ దళం గుండీ దొరికినా అది కాలువల చరిత్రకే చెందుతుంది.

దొరికిన చోటు కూడా అనుకున్నంత బలమైన సాక్ష్యం కాదు. ఇంటి చెత్త, పొయ్యి బూడిద, పశువుల పేడ అన్నీ పెంటకుప్పలో చేరడం, వేసవిలో ఆ ఎరువును బండ్ల మీద చేలకు తోలడం పాత సేద్యంలో ఏటేటా జరిగే పని. చెరువుల పూడిక మట్టీ అలాగే పొలాలకు వెళ్లేది. వాకిట్లో జారిన గుండీ ఊరి బయట మడిచెక్కలో తేలడంలో వింతేమీ లేదు. లంకల్లో అయితే 1953, 1986 నాటి వరదలు వేసిన మేటల కింద ఏది ఎక్కడిదో చెప్పడమే కష్టం. ఇంకో సంగతీ ఉంది. పాత ఇత్తడిని మన ఇళ్లు దాచుకోలేదు, తూకానికి అమ్ముకున్నాయి. పెరవలి దగ్గర అజ్జరం లాంటి ఇత్తడి పనివాళ్ల ఊళ్లలో పాత ఇత్తడి కరిగి బిందెలయ్యేది. మట్టిలో మిగిలేది అమ్మకానికి అందకుండా పారేసుకున్నది మాత్రమే. కాబట్టి చేలో దొరికిన ఒక్క బిళ్ళను చూసి అక్కడ దండు విడిసిందని చెప్పడం కుదరదు, దగ్గర్లోని ఏదో ఇంట్లో అలాంటిది ఉండేదని అనుకోవడమే సబబు.

అలాంటి ఇళ్లు ఇక్కడ ఉన్నాయా అంటే, తాడేపల్లిగూడెం మండలంలోని మాధవరమే జవాబు. మిలిటరీ మాధవరమని పిలిచే ఆ ఊరి నుంచి మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మంది, రెండో దానికి 1,110 మంది వెళ్లారని చెప్పుకునే లెక్క. ఊళ్లో వీరుల స్మారకం ఉంది, సైన్యంలో చేరే ఆనవాయితీ ఇంకా నడుస్తోంది. పచ్చని డెల్టా వదిలి సైన్యానికి ఎందుకు వెళ్తారని అడిగేవారుంటారు. ఆనకట్ట నీళ్లు భూమికి వచ్చాయి గాని, భూమి అందరికీ రాలేదు. నెల జీతం, పింఛను, ఊళ్లో మర్యాద, ఈ మూడూ రెండెకరాల చెక్క ఇవ్వలేనివి. ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది. రెండో యుద్ధం ముగిశాక మిలిటరీ డిస్పోజల్స్ సరుకు బజార్లలోకి వచ్చింది. ఖాకీ కోటుతో పాటు బిళ్ళ కూడా కొనుక్కున్నదై ఉండొచ్చు కదా? ఉండొచ్చు. బిళ్ళ దళం పేరు చెబుతుందే తప్ప మనిషి పేరు చెప్పదు. మనిషి పేరు పతకం అంచు మీద ఉంటుంది. మొదటి యుద్ధపు వెండి పతకం అంచున సిపాయి నంబరు, పేరు, దళం చెక్కి ఉంటాయి. రెండో యుద్ధంలో బ్రిటన్ తన సైనికులకు పేర్లు లేని పతకాలిచ్చినా, భారత సైనికులకిచ్చిన వాటి మీద పేర్లు వేశారు. బిళ్ళ మీది దళమూ, అదే ఊళ్లోని పతకమో పింఛను కాగితమో చెప్పే దళమూ ఒక్కటైతే అనుమానం చాలావరకు తీరుతుంది. కలవకపోతే బిళ్ళను ఎవరికీ అంటగట్టకూడదు.

అందుకే బిళ్ళ దొరికిన వెంటనే చేసే పనే అన్నిటికన్నా ముఖ్యం. మన ఇళ్లలో ఇత్తడి కనిపిస్తే చింతపండు పులుసుతో తోమడం అలవాటు. ఆ పులుపు పచ్చని చిలుముతో పాటు సన్నని గీతలనూ తినేస్తుంది, కిరీటం కమానులు గుమ్మటమో నొక్కో తేల్చలేకుండా పోతుంది. మంచినీళ్లతో మట్టి వదిలించి ఆరబెట్టడం చాలు, చవిటి నేలలో దొరికినదైతే తడి అసలు మిగలకూడదు. వెనకా ముందూ ఫొటో తీసి, ఏ చేలో ఎంత లోతున దొరికిందో రాసుకోవాలి. చట్టం కూడా గుర్తుండాలి. నేలలో దాగి దొరికిన వస్తువు విలువ పది రూపాయలు మించితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది. వందేళ్లు దాటిన వస్తువుకు 1972 పురావస్తు చట్టం వర్తిస్తుంది. రక్షిత స్థలాల్లో తవ్వకమే నిషిద్ధం. ఒక్క బిళ్ళ ఏమీ రుజువు చేయదు. కానీ ఊరూరా దొరికిన వాటిని ఇలా నమోదు చేసి పింఛను కాగితాలతో, పతకాలతో పోల్చితే, డెల్టాలో ఏ పల్లె ఏ దళానికి ఎప్పుడు మనుషుల్ని పంపిందో చెప్పే పటం తయారవుతుంది. పెద్ద గ్రంథాల్లో సేనానుల పేర్లే ఉన్నాయి, సిపాయిల ఊళ్ల పేర్లు వెతుక్కునే దారుల్లో ఇదొకటి.